నడుం పట్టినా, కాళ్లు గుంజినా: ఇంటి చెయ్యా, ఫిజియోథెరపీయా, అభ్యంగనమా, మిషనా?

నాట్లు అయిపోయిన వారం, పత్తి ఏరుడు మొదలైన వారం ఒళ్లునొప్పులు లేని ఇల్లుండదు. మెడికల్ షాపుకు పోయి అందరూ అడిగే మాట ఒక్కటే: "ఏ నూనె మంచిది?" అది అన్నిటికన్నా చివర అడగాల్సిన మాట. నూనె మార్చితే వచ్చే తేడా కొంచెమే. ఎవరు రుద్దుతున్నారు, దేన్ని రుద్దుతున్నారు, వారానికి ఎన్నిసార్లు, అసలు ఆ చోట చెయ్యి పెట్టొచ్చా అన్నవాటితోనే ఫలితం మారుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. ఇంట్లోవాళ్ల చెయ్యి, పట్నంలో ఫిజియోథెరపీ క్లినిక్, ఆయుర్వేద అభ్యంగనం (ఒళ్లంతా నూనె పట్టించి చేసే మర్దన), కటింగ్ షాపులో తల మాలిష్, ఆన్‌లైన్‌లో కొనే మసాజ్ మిషన్లు, ఈ మధ్య వచ్చిన స్పాలు. మా లెక్క ఇది: పని చేసి వచ్చిన నొప్పికి ఇంటి చెయ్యిని మించింది లేదు, దానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. డబ్బు పెట్టేదుంటే నొప్పి ఎక్కణ్నుంచి వస్తుందో పరీక్షించి చెప్పేవాళ్ల దగ్గర పెట్టండి.

## ముందు తేల్చుకోవాల్సిన నాలుగు సంగతులు

నొప్పి దేనిది? కండ నొప్పి వెడల్పుగా ఉంటుంది. అరచేతితో ఒత్తితే నొస్తూనే హాయిగా అనిపిస్తుంది, వేడినీళ్ల స్నానంతో తగ్గుతుంది. బొక్క (ఎముక) నొప్పి ఒక్క వేలు పెట్టి చూపించేంత చోటులో ఉంటుంది, అక్కడ మెల్లగా కొట్టినా జివ్వుమంటుంది. నరం నొప్పి ఒక గీతలా పారుతుంది, పిర్ర నుంచి పిక్క దాకా, మెడ నుంచి వేళ్ల దాకా, వెంట తిమ్మిరి ఉంటుంది. కీలు నొప్పి అయితే పొద్దున లేవగానే బిగుసుకుపోతుంది, వాపు ఉంటుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. వీటిలో మర్దనకు బాగా లొంగేది మొదటిదే. నరం నొప్పికి మర్దన కాసేపు ఊరటనిస్తుంది, మూలం అట్లాగే ఉంటుంది. వేడెక్కిన కీలును, బొక్క నొప్పిని రుద్దితే నష్టమే.

ఏం కావాలి? నొప్పి తగ్గడమా, నిద్ర పట్టడమా, బిగుసుకున్న భుజం పైకి లేవడమా, పసిబిడ్డ బరువు పెరగడమా? ఒక్కోదానికి ఒక్కో దారి.

ఎన్నాళ్లకోసారి చేయగలరు? ఒకసారి మర్దన చేస్తే దాని గుణం కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు. నెలకోసారి పట్నం పోయి గంటసేపు చేయించుకున్నదాని కన్నా వారానికి మూడుసార్లు ఇంట్లో పావుగంట చేసింది ఎక్కువ పనిచేస్తుంది. దేవరకొండ నుంచి నల్లగొండకు గంటన్నర బస్సులో కూర్చుని పోయి, నడుం రుద్దించుకుని మళ్లీ గంటన్నర కుదుపుల్లో వస్తే ఇంటికొచ్చేసరికి మొదటికే వస్తుంది.

ఎవరి చెయ్యి? బెరుకుతో ఒళ్లు బిగపట్టిన మనిషికి ఎంత నేర్పుగా రుద్దినా కండ వదలదు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారా, గదిలో తోడు కూర్చోవచ్చా అని ఫోన్‌లోనే అడగండి. నసిగితే ఆ చోటికి పోవద్దు.

## చెయ్యి పెట్టకూడని చోట్లు

ఏ దారి అన్నది తర్వాత చూద్దాం. అసలు మర్దనే వద్దనే సందర్భాలు మన వైపు కొంచెం ఎక్కువ. అందుకే దీన్ని ముందు చదవండి.

ఫ్లోరైడ్ ఒళ్లు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఏండ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల సంగతి వేరు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. అంతకు బాగా మించిన నీళ్లు పదులేండ్లు తాగితే బొక్కలు ఎక్స్‌రేలో దిట్టంగా, తెల్లగా కనబడతాయి కానీ పెళుసుబారి ఉంటాయి. కీళ్లను పట్టి ఉంచే పట్టీలు గట్టిపడి రాయిలాగా అవుతాయి. వెన్నుపూసల నడుమ దారి ఇరుకై లోపలి వెన్నుపాము నలుగుతుంది. అలాంటి నడుం మీద మోచేయి పెట్టి ఒత్తినా, మెడ విరిచినా బొక్క విరగొచ్చు, కాళ్లు పడిపోవచ్చు.

అనుమానం ఉంటే మూడు చిన్న పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మోకాళ్లు వంచకుండా వంగి నేల మీది రూపాయి బిళ్ల తీయాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు చాచి, మడిచి, తల వెనక పెట్టుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి రాకపోయినా, మీది ఫ్లోరైడ్ ఊరైతే, ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే మర్దన మాట. ఫ్లోరైడ్ అని తేలినవాళ్లకు గోరువెచ్చని నూనెతో పైపైన నిమరడం, కాపడం, చేతులు కాళ్లు మెల్లగా ఆడించడం చాలు. అంతకు మించిన బలం వద్దు.

ఇక్కడే ఇంకో మాట. నడుం పడితే పిల్లలను వీపు మీద నడిపించుకోవడం, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. గట్టి ఒళ్లున్న పడుచువాళ్లకు ఏమీ కాకపోవచ్చు. ఫ్లోరైడ్ నడుముకు, ముట్లు ఆగి బొక్కలు గుల్లబారిన ఆడవాళ్లకు ఒక్క తొక్కుడు చాలు, పూస కుంగిపోతుంది.

మోచేయి దెబ్బ. పిల్లలు చెట్టు మీది నుంచో సైకిల్ మీది నుంచో పడి మోచేయి వాస్తే ఆ సాయంత్రమే నూనె పెట్టి రుద్దడం, కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోవడం చూస్తుంటాం. దెబ్బ తిన్న మోచేతిని పిసికితే లోపలి కండలోనే కొత్త బొక్క పేరుకోవచ్చు. దాంతో చెయ్యి శాశ్వతంగా వంగకుండా పోవచ్చు. పిల్లల మోచేయి వాస్తే నూనె సీసా ముట్టకుండా, చెయ్యిని అలాగే గుడ్డతో మెడకు వేలాడదీసి దవాఖానకు తీసుకుపోవాలి. మామూలు బెణుకైనా మొదటి 48 నుంచి 72 గంటలు రుద్దొద్దు. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టి తీయండి, కాలు ఎత్తులో ఉంచండి.

ఒక్క పిక్కే వాయడం. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై పోయి బస్సులో రాత్రంతా కాళ్లు మడిచి కూర్చొని వచ్చినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, బాలింతలు దీన్ని గుర్తుంచుకోవాలి. రెండు పిక్కలూ గుంజితే అలసట. ఒక్కటే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే బొక్క గుబ్బ నుంచి బెత్తెడు కిందికి దారం చుట్టి రెండు కాళ్లూ కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే రుద్దొద్దు, దవాఖానలో చూపించండి. రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం పోవచ్చు. దారం తేడా తక్కువే చూపినా ఊపిరి ఆడకపోతే, ఛాతీ నొస్తే వెంటనే దవాఖానకు పోండి.

మిగతావి గబగబా: జ్వరం, చర్మం మీద పుండు, తామర ఉన్నచోట వద్దు. రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్లకు గట్టి ఒత్తుడు వద్దు. ఎక్కడైనా గడ్డ తగిలితే దాన్ని పిసకొద్దు, చూపించండి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు ఈడ్చుకుపోతున్నా అదే రోజు పెద్ద దవాఖాన.

## స్పర్శ ఎందుకు పనిచేస్తుంది

దెబ్బ తగిలినచోట చెయ్యి తనంతట తానే పోయి రుద్దుతుంది. రుద్దుడు కబురు మోసే నరాలు నొప్పి కబురు మోసే నరాల కన్నా వేగంగా వెన్నుపాముకు చేరి, నొప్పికి దారి కొంత మూసేస్తాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పారు. చర్మం ఒత్తిడిని, వేడిని ఎట్లా పసిగడుతుందో కనిపెట్టినందుకు 2021 వైద్య నోబెల్ డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు వచ్చింది.

ఎంపికకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. వెంట్రుకలుండే చర్మంలో నెమ్మదైన నిమురుడికి మాత్రమే బాగా స్పందించే సన్నని నరాలుంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి నిమిరితే అవి ఎక్కువ పలుకుతాయి. అమ్మ బిడ్డను నిమిరే వేగం కూడా అదే. టకటక కొట్టే మిషన్ ఆ పని చేయలేదు.

మర్దనతో కండల్లోని లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుందని చాలా చోట్ల రాస్తుంటారు. అది తప్పు. పని ఆపిన గంట లోపే అది దానంతటదే పోతుంది. మర్నాడు వచ్చే నొప్పి కండ పోగుల్లో పడ్డ సన్నని చిరుగుల వల్ల. అందుకే నాట్లేసిన మర్నాడు గట్టిగా పిసికితే నొప్పి ఇంకా పెరుగుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | దేనికి బాగుంటుంది | దేనికి పనికిరాదు | ఎంతసేపు, ఎన్నిసార్లు | ఖర్చు |
|---|---|---|---|---|
| ఇంటి చెయ్యి | పని నొప్పులు, నిద్ర, ముసలివాళ్లు, పసిపిల్లలు | నరం నొప్పి, బిగుసుకున్న కీలు | 12–20 నిమిషాలు, వారానికి 3 సార్లు | నూనె ఖర్చే |
| ఫిజియోథెరపీ | భుజం లేవకపోవడం, మోకాళ్లు, సయాటికా (పిర్ర నుంచి కాల్లోకి పారే నరం నొప్పి), ఆపరేషన్ తర్వాత | ఉత్త అలసట | 30–45 నిమిషాలు, కొన్ని సిట్టింగులు, ఇంట్లో రోజూ వ్యాయామం | మధ్యస్థం, రానుపోను ఖర్చు అదనం |
| అభ్యంగనం | ఒళ్లంతా బిగుతు, నిద్రలేమి | జ్వరం, అజీర్ణం, వాచిన కీళ్లు | 45 నిమిషాలు, ఆపైన ఆవిరి | ఎక్కువ |
| కటింగ్ షాపు | తల బరువు, కాసేపు హాయి | మెడ నొప్పి | 10 నిమిషాలు | తక్కువ |
| మిషన్లు | చేసేవాళ్లు లేని చోట తొడ, పిక్క, పిర్ర కండలు | మెడ ముందు, వెన్ను, షుగర్ పాదాలు | ఒక్కో కండకు 1–2 నిమిషాలు | ఒకసారే |

స్పాను పట్టికలో పెట్టలేదు. అది హాయి కోసం పోయేది, నొప్పి తీర్చుకోవడానికి కాదు.

## ఇంటి చెయ్యి

దీన్ని తక్కువగా చూస్తాం, సగం మంది తప్పుగా చేస్తారు. పిక్కలకు ఇట్లా చేసి చూడండి.

గిన్నెలో నూనె పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో 5 నిమిషాలు ఉంచండి. పొయ్యి మీద నేరుగా కాచొద్దు, నూనె వేడి పైకి తెలియదు. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూసుకోండి. రెండు కాళ్లకు 15 నుంచి 20 మి.లీ., అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు చాలు. ఎక్కువ పోస్తే చెయ్యి జారుతుంది, కండ పట్టు దొరకదు.

మనిషి బోర్లా పడుకోవాలి. చీలమండల కింద దుప్పటి చుట్ట పెడితే వేళ్లు నేలకు ఒత్తుకోవు, పిక్క వదులవుతుంది. చాలామంది మరిచేది ఇదే. బిగిసిన పిక్కను ఎంత రుద్దినా ఏమొస్తుంది?

మొదటి నిమిషం మడమ నుంచి తొడ దాకా అరచేతులతో నూనె పూయడమే. తర్వాత చీలమండ నుంచి మోకాలు వైపుకు పొడుగ్గా పదిసార్లు. పైకి పోయేటప్పుడు బరువు, కిందికి వచ్చేటప్పుడు ఉత్త తాకుడు. మోకాలి వెనక గుంటలో ఒత్తొద్దు, అక్కడ రక్తనాళం, నరం పైపైనే ఉంటాయి. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు పిక్కను బొటనవేలు, మిగతా వేళ్ల నడుమ పట్టి చపాతీ పిండి లాగా పిసకాలి. ఎక్కడైనా ముడి తగిలితే దాన్ని అటూ ఇటూ నలపకుండా బొటనవేలు ఆనించి 20–30 సెకన్లు కదలకుండా పట్టుకోండి, మెత్తబడుతుంది. నొప్పి పదికి ఐదు దాటకూడదు. పడుకున్న మనిషి ఊపిరి బిగబట్టాడంటే ఎక్కువైనట్టే. అరికాలికి పిడికిలి కణుపులతో మడమ నుంచి వేళ్ల దాకా రెండు నిమిషాలు. చివరగా మోకాలు నుంచి చీలమండకు 10–12 సెకన్లు పట్టేంత నెమ్మదిగా నాలుగైదుసార్లు నిమరండి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నిద్ర పట్టించేది అదే.

చేసేవాళ్లు బొటనవేళ్లతోనే అంతా చేస్తే వారంలో వాళ్ల వేళ్లు పట్టేస్తాయి. అరచేయి, ముంజేయి వాడండి, భుజం బలంతో కాకుండా ఒంటి బరువుతో వాలండి. నడుం రుద్దేటప్పుడు వెన్నుపూస మీద ఒత్తకుండా, దానికి రెండు వేళ్ల ఎడంగా రెండు పక్కల కండ మీదే చెయ్యి నడవాలి. మర్నాడు నల్లగా కమిలిందంటే బాగా చేసినట్టు కాదు, బలం ఎక్కువైందని.

## ఫిజియోథెరపీ

డబ్బు పెట్టదగ్గ మొదటి చోటు ఇదే. కారణం రుద్దుడు కాదు, పరీక్ష. మంచి ఫిజియోథెరపిస్టు మొదటిరోజు మీ పని గురించి అడుగుతాడు. కీలు ఎంత వంగుతుందో కొలుస్తాడు. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి నరం నొప్పి వస్తుందా చూస్తాడు. దీనికి అరగంటకు తక్కువ పట్టదు. పోగానే పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు అంటించి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారంటే, ఇంటికి పోయి చేసుకోవడానికి ఒక్క వ్యాయామం కూడా చెప్పలేదంటే, ఇంకో క్లినిక్ చూసుకోండి.

బోర్డు మీద బీపీటీ లేదా ఎంపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీలు) ఉందా చూడండి. జిల్లా ప్రభుత్వ దవాఖానలో ఫిజియోథెరపీ విభాగం ఉంటే ముందు అక్కడ అడగండి. ఎన్ని సిట్టింగులు, ఎన్నోదానికి తేడా కనబడాలి అని మొదటిరోజే అడిగితే ముక్కుసూటి మనిషి ముక్కుసూటిగా చెబుతాడు. పది సిట్టింగులకు డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీలకు ఒప్పుకోకండి.

నడుం నొప్పి కొత్తగా వస్తే మందుల కన్నా ముందు కాపడం, మర్దన వంటివి చూడమని 2017లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ మార్గదర్శకాలు చెప్పాయి. నొప్పి పాతదైపోతే వ్యాయామం ముందుకు వస్తుంది. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి రుద్దుడు ఒక్కటే పెట్టుకుంటే ఏండ్లు గడుస్తాయి. మోకాళ్లదీ అంతే. కాలు చాపి, మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు పట్టి వదలడం పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఈ ఒక్కటీ ఏ నూనె కన్నా ఎక్కువ చేస్తుంది. తొడ ముందు కండ బలపడితే మోకాలి మీది బరువు తగ్గుతుంది.

## అభ్యంగనం

బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివిన వైద్యుడు చూసి, ఆయన చెప్పిన నూనెతో చేసేది ఒకటి. బోర్డు కట్టి 'కేరళ మసాజ్' అని పెట్టింది ఇంకొకటి. మొదటిదాంట్లో నాడి, బీపీ చూస్తారు, అన్నం తిన్న రెండు మూడు గంటల దాకా చేయరు. వాగ్భటుడు తన పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో తల, చెవులు, పాదాలకు నూనె విశేషంగా పట్టించమన్నాడు, అజీర్ణంలో వద్దన్నాడు. తిని వెంటనే వచ్చినవాణ్ని బల్ల మీద పడుకోబెట్టే చోట ఆ పాఠం చదవలేదని అర్థం.

ఒళ్లంతా ఒకేసారి రెండు చేతులతో, ఒక్కోసారి ఇద్దరు మనుషులతో సాగే ఈ మర్దనలో వచ్చే హాయి ఇంట్లో రాదు. దాని ధర దానికుంది. తర్వాత పెట్టే ఆవిరి దగ్గర జాగ్రత్త. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గర్భం ఉన్నవాళ్లకు వద్దు. మినుప పిండితో నడుం మీద కట్ట కట్టి వెచ్చని నూనె పోసే కటివస్తి కాసేపు మంచి ఊరటే. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఆ వేడి తెలియక కాల్చుకుంటారు. మర్దనకు పోయి పేరు లేని పొట్లాలు, గుళికలు తెచ్చుకోవద్దు. రెండు రోజుల్లో నొప్పులన్నీ మాయం చేసే పేరులేని మందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు.

## కటింగ్ షాపు, మిషన్లు

తల మాలిష్ మంచిదే. గొడవంతా చివర మెడ పట్టి 'టక్'మనిపించే దాని దగ్గరే. మెడ పూసల్లోంచి మెదడుకు పోయే రక్తనాళం ఆ విసురుకు లోపల చిరగొచ్చు, అక్కడ గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. మెడ వెనక్కి వాల్చి తల కడిగేటప్పుడు కూడా ఇట్లా జరగొచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకు పార్లర్‌లో తల కడుగుతుండగా ఇదే వచ్చింది. కుర్చీలో కూర్చోగానే "మెడ ముట్టొద్దన్నా" అని చెప్పేయండి.

మసాజ్ గన్ (చేత్తో పట్టుకుంటే టకటక కొట్టే మిషన్) కొంటే తక్కువ వేగంతో మొదలుపెట్టండి. ఒక్కో కండ మీద 1–2 నిమిషాలు చాలు. మెడ ముందు, వెన్నుపూస, మోకాలి వెనక, బొక్క మీద వద్దు. పాదాలు పెట్టే మిషన్లు పండక్కి అమ్మానాన్నలకు కొనిచ్చే వస్తువైపోయాయి. వాళ్లకు షుగర్ ఉంటే కొనకండి. స్పర్శ తగ్గిన పాదం లోపల ఒరుసుకుపోయినా తెలియదు, సాయంత్రానికి పొక్కు, పదిరోజులకు పుండు.

## ఎవరికి ఏది

కైకిలి, నాట్లు, పత్తి. పని జరిగే రోజుల్లో గట్టి మర్దన వద్దు, రాత్రి పూట నెమ్మదిగా పావుగంట చాలు. నాట్లలో నడుం ముందుకే వంగి ఉంటుంది కాబట్టి గంటకోసారి గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి ఐదుసార్లు వాలాలి. ఇది మర్దన కాదు, కానీ సాయంత్రం మర్దన అవసరాన్ని కొంత తగ్గిస్తుంది.

మగ్గం పనివాళ్లు. గుంత మగ్గంలో కూర్చునేవాళ్లకు మెడ, భుజాల నడుమ ముడులు కడతాయి. ఇక్కడ ఇంటి చెయ్యి, ఫిజియో వ్యాయామం రెండూ కావాలి. ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే) ఆడవాళ్ల భుజం నొప్పి మాత్రం రుద్దితే పోయేది కాదు, చీర చీరకూ వేలసార్లు చెయ్యి ఆడించడం వల్ల వచ్చేది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూసి నూనె వెతకలేదు, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పనే నొప్పికి మూలమైన చోట ముందు పని తీరును చూడాలి.

షుగర్ ఉన్నవాళ్లు. భుజం బిగుసుకుపోవడం వీళ్లలో ఎక్కువ. దానికి ఫిజియోథెరపీ, అదీ తొందరగా. పాదాలకు ఇంట్లోవాళ్లే చేయాలి, చేస్తూనే పగుళ్లు, పుండ్లు చూడాలి. వేళ్ల సందుల్లో నూనె వదిలితే ఒరిసిపోతుంది, తుడిచేయండి. వేడి నూనె, వేడినీళ్ల సంచి వద్దే వద్దు.

ఒంటరి ముసలివాళ్లు. పిల్లలు హైదరాబాద్‌లో, అవ్వ ఊళ్లో. వీళ్లకు కావాల్సింది నొప్పి తగ్గడం కన్నా ఒక చెయ్యి. పండగకు వచ్చినప్పుడు మిషన్ కొనివ్వడం కన్నా, వచ్చిన రోజు పది నిమిషాలు అరచేయి, వేళ్లు ఒక్కొక్కటే పట్టి నిమిరితే మేలు. చర్మం పలుచగా ఉంటుంది, లాగకుండా నూనె కొంచెం ఎక్కువే వాడండి. నూనె ఒంటితో బాత్రూమ్ టైల్స్ మీద నడవనివ్వొద్దు. తుంటి బొక్క విరిగేది అక్కడే.

గర్భిణులు. ఐదో నెల దాటాక వెల్లకిలా చాలాసేపు వద్దు, ఎడమవైపు తిరిగి పడుకోబెట్టి నడుం, కాళ్లు నెమ్మదిగా. పొట్ట రుద్దొద్దు.

పసిబిడ్డ. ఇక్కడ ఇంటి చెయ్యికి పోటీ లేదు, అయితే చెయ్యి ఎవరిదన్నది చూడాలి. నెలలు నిండక పుట్టిన, బరువు తక్కువ బిడ్డకు మర్దన కన్నా ముందు కావాల్సింది తల్లి ఛాతీ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన కంగారూ పద్ధతిలో బిడ్డను రోజుకు 8 నుంచి 24 గంటలు చర్మానికి చర్మం ఆనించి ఉంచమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లికి వీలు కానప్పుడు తండ్రి, నాయనమ్మ కూడా ఎత్తుకోవచ్చు. మర్దన సంగతి కూడా తేలిందే. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు తక్కువ పిల్లలకు రోజుకు మూడుసార్లు 15 నిమిషాల చొప్పున 10 రోజులు చేస్తే, చేయనివాళ్ల కన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఆ పిల్లలు దవాఖానలో డాక్టర్ల కళ్ల ముందున్నవాళ్లు. మీ బిడ్డ డిశ్చార్జ్ అయి, బరువు పెరుగుతున్నాక డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.

నీళ్లు పోసే అవ్వకు చేతి నేర్పు ఉంటుంది, కొన్ని పాత అలవాట్లు కూడా ఉంటాయి. వద్దని ముందే చెప్పాల్సినవి: ముక్కులో, చెవిలో నూనె పోయడం (ముక్కులో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది), రొమ్ములు పిండడం, తల ఒత్తి గుండ్రంగా చేయడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, నలుగుతో నూగు పోయేదాకా రుద్దడం, కర్పూరం కలిపిన నూనె, సాంబ్రాణి పొగ. పుట్టిన 24 గంటల దాకా స్నానమే వద్దు. బొడ్డు ఊడేదాకా ఆ చోట నూనె తగలనివ్వొద్దు. కొబ్బరి నూనె బాగుంటుంది. ఆలివ్ నూనె ఖరీదైనదే కానీ లేత చర్మం పొరను బలహీనపరుస్తుంది. పాలు తాగిన అరగంట తర్వాత, గాలి తగలని గదిలో, ఉంగరాలు తీసేసి, కాళ్లతో మొదలుపెట్టండి. బిడ్డ మొహం తిప్పేసినా, ఎక్కిళ్లు వచ్చినా ఆపేయండి.

## ఇక నూనె

మన ఆముదం చిక్కన, జారదు, ఒక్క చోట ఒత్తడానికి మేలు, పిక్క మొత్తం సాగదీసి రుద్దడానికి బరువు. నువ్వుల నూనె రెండింటికీ సరిపోతుంది. రెండూ సగం సగం కలిపితే ఇంకా బాగుంటుంది. గానుగ పల్లి నూనె ఉంటే అదైనా సరే. మెంథాల్ బామ్ రాసి దాని మీద వేడినీళ్ల సంచి పెట్టొద్దు, చర్మం కాలుతుంది.

## పనిచేస్తుందా లేదా ఎట్లా తెలుస్తుంది

"కొంచెం నయం" అన్న మాటను నమ్మొద్దు. మొదలుపెట్టే ముందు ఒక పని ఎంచుకోండి: చెయ్యి ఎంత ఎత్తు లేస్తుంది, కింద కూర్చుని ఎన్ని సెకన్లలో లేస్తారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది. గోడ మీద చాక్‌పీసుతో చెయ్యి అందిన చోట గీత గీయండి. ఇంటి మర్దన అయితే రెండు వారాలకు, ఫిజియోథెరపీ అయితే నాలుగైదు సిట్టింగులకు గీత పైకి జరగాలి. జరగకపోతే నూనె మార్చకుండా దారి మార్చండి. కిందికి దిగితే ఆ రోజే ఆపేసి డాక్టర్‌కు చూపించండి, పోయేటప్పుడు గీత ఎంత దిగిందో కొలిచి రాసుకుపొండి.